పిల్లల బేరింగు బండికి ఏ చక్రాలు? వరంగల్ల దొరికే నాలుగు రకాల మీద అంచనా

బేరింగు బండి అంటె పిల్లలు కూసోని ఆడుకునే నాలుగు చక్రాల కర్ర బండి. ముందుగాల తేల్చి చెప్తె చదివేటోళ్లకు సుఖం. సీసీ రోడ్డు గల్లీల తిరిగే బండి అయితె ఎనిమిది ఇంచుల గట్టి రబ్బరు ట్రాలీ చక్రాలు కొనుండ్రి. నున్నటి గచ్చు మీదనే ఆడుతరంటె పాత బేరింగులు చాలు. క్యాస్టర్లతోటి, అంటె బీరువాల కింద వేసే చిన్న చక్రాలతోటి, పని నడుస్తది గాని ఒక షరతు ఉన్నది. చిన్నపిల్లల సైకిల్ చక్రాలు చూడ్డానికే మంచిగుంటయి.

ఈ అంచనా అంతా ఒకే కొలతల బండి మీద. నడిమి పలక 42 ఇంచుల పొడుగు, 6 ఇంచుల వెడల్పు, ఒకటిన్నర ఇంచు మందం. ఎనక అడ్డకర్ర 22 ఇంచులు, ముందటిది 20 ఇంచులు, రెండూ 3×2 కర్రలే, పడుకోబెట్టి బిగించాలె. కూసునే పీట 16×14 ఇంచుల 18 ఎంఎం ప్లైవుడ్. ముందటి అడ్డకర్ర ఒకే బోల్టు మీద అటిటు తిరగాలె, దానికి కట్టిన తాడు గుంజితెనే బండి మలుగుతది; ఎనకది కదలొద్దు.

పాత బేరింగులు. అసలు బేరింగు బండి అంటె ఇదే. మెకానిక్ షెడ్లల్ల, పొలం మోటర్లు విప్పే వైండింగ్ షాపులల్ల, పాత ఇనుప సామాన్ల దుకాన్లల్ల అడిగితె దొరుకుతయి. తీసుకునే ముందట దాని మీద కొట్టిన నంబరు చదవాలె. చివరి రెండంకెలను ఐదుతోటి గుణిస్తె లోపలి రంధ్రం సైజు వస్తది: 6204కు 20 ఎంఎం, 6205కు 25, 6206కు 30. నాలుగు కంటె కింది నంబర్లకు ఈ లెక్క కుదరదు. 6203 రంధ్రం 17, 6202ది 15. సీలింగ్ ఫ్యాన్ల నుంచి తీసిన 6202లు తీసుకోవద్దు, బయటి సైజు 35 ఎంఎమ్మే, చిన్న గులకరాయికే ఆగిపోతయి.

ఇంకో తిరకాసు ఉన్నది. 6205, 6304 రెండిటి బయటి సైజు 52 ఎంఎం, మందం 15 ఎంఎం. పక్కపక్కన పెడితె కవల పిల్లల్లెక్క కనబడతయి. కాని ఒకదాని రంధ్రం 25, ఇంకోదానిది 20. కలిపి తెచ్చుకుంటె రెండు మన 20 ఎంఎం ఇరుసు రాడ్‌కు సరిపోతయి, రెండు లొడలొడ ఆడుతయి.

షాపాయన వేలు పెట్టి బుర్రున తిప్పి చూపెడతడు. దానికి పడిపోవద్దు. గ్రీసు ఎండిపోయిన బేరింగే ఎక్కువసేపు తిరుగుతది, మంచి గ్రీసున్నది తొందరగ ఆగుతది. లోపలి రింగును గట్టిగ పట్టుకొని బయటి రింగును మెల్లగ తిప్పుండ్రి. వేళ్లకు ఇసుక తాకినట్టు గరగరమంటె లోపల గుంటలు పడ్డయని అర్థం. అటిటు ఊపితె టకటకమంటె అరిగిపోయింది. రెండు పక్కల ఇనుప మూత ఉన్నదానికి నంబరు ఎనక జెడ్‌జెడ్ అని, రబ్బరు మూత ఉన్నదానికి 2ఆర్ఎస్ అని ఉంటది. రబ్బరు మూతది జర బరువుగ తిరుగుతది గాని మన మొరం దుమ్ముకు అదే ఆగుతది. మూతలు లేని బేరింగుకు దండిగ గ్రీసు పెడుతుంటరు. బయటికొచ్చిన గ్రీసుకు దుమ్ము అంటుకొని లోపలికి చేరితె సాన పట్టినట్టు అరుగుతది. కిరోసిన్ల కడిగి, ఆరబెట్టి, లోపల కొంచెమే పెట్టి, పైన తుడిచేస్తె చాలు.

బరువుకు బేరింగు ఎన్నడూ భయపడదు, పిల్లగాని బరువు దానికి లెక్కే కాదు. ఇబ్బంది రోడ్డుతోటి. 52 ఎంఎం చక్రం సీసీ రోడ్డు పలకల నడుమ సందుల దిగబడి ఒక్కసారి ఆగుతది, కూసున్నోడు ముందటికి పడతడు. 20 ఎంఎం రాడ్‌ను అడ్డకర్ర కింద బిగిస్తె రాడ్ కింద మిగిలే జాగ 16 ఎంఎమ్మే. దాంట్ల క్లాంపు మందం కూడ పోతది, అందుకే స్పీడ్ బ్రేకరు కాడ ఒరుసుకుంటది. బేరింగు బండికి ముందటి బోల్టు తలకాయ కిందికి, నట్టు పైకి రావాలె; తిప్పి పెడితె బోల్టు కొస రోడ్డును గీకుతది. చప్పుడు సంగతి వేరే చెప్పేదేముంది, మధ్యాహ్నం పూట గల్లీల ఎవ్వలూ పండుకోరు. ఇంట్ల షాబాద్ బండల మీద నడిపిస్తె గీతలు పడతయి.

క్యాస్టర్లు. బీరువాలకు, సామాన్ల ట్రాలీలకు వేసే నాలుగైదు ఇంచుల చక్రాలు హార్డ్‌వేర్ దుకాన్లల్ల బిగించే ఇనుప పలకతోటి సహా దొరుకుతయి. షరతు ఇదే: గుండ్రంగ తిరిగే రకం వద్దు, నాలుగూ కదలని రకమే కావాలె. తిరిగే రకం ముందట వేస్తె వేగం రాంగనే చక్రం గడగడ వణుకుతది, తాడు గుంజినా బండి మాట వినదు. నైలాన్ దానికంటె రబ్బరుది మేలు, చప్పుడు తక్కువ, పట్టు ఎక్కువ. కొన్నిటి నడుమ బేరింగు ఉండదు, గుండ్లు లేని ఉత్త గొట్టం, అంటె బుష్షే, ఉంటది, కొనేముందట అడుగుండ్రి. ఆ ఇనుప పలకను మరలతోటి బిగిస్తె వారం దినాలల్ల ఊడివస్తది. 8 ఎంఎం బోల్టులు కర్రలకెల్లి అవతలికి తీసి, పెద్ద వాషర్ పెట్టి బిగించాలె.

సైకిల్ చక్రాలు. పన్నెండు ఇంచుల పాత సైకిల్ రెండు దొరికితె నాలుగు చక్రాలు వచ్చినయని సంబరపడతరు. సైకిల్ మలుపు కాడ ఒరుగుతది కాబట్టి పుల్లల మీద బరువు నిలువుగనే పడతది. బండి ఒరగదు, పక్క నుంచి తోపుడు మొత్తం పుల్లల మీదికే వస్తది, చక్రం అప్పడం లెక్క వంకరపోతది. ఇంకో సంగతి: సైకిల్ ఇరుసు సన్నగుంటది, రెండు పక్కల పట్టు ఉన్నదని లెక్కేసి చేసింది. ఒక్క పక్కనే బిగిస్తె వంగుతది. బయట ఇంకో కర్ర పెట్టి రెండు దిక్కుల పట్టిస్తె నిలబడతది గాని బండి బరువు, వెడల్పు రెండూ పెరుగుతయి.

ట్రాలీ చక్రాలు. సామాన్లు మోసే చేతి ట్రాలీకి ఉండే ఎనిమిది ఇంచుల గట్టి రబ్బరు చక్రం, నడుమ 20 ఎంఎం రంధ్రం, రెండు బేరింగులు ఉన్నది అడుగుండ్రి. గాలి చక్రం ఇంకా మెత్తగ పోతది, కాని తుమ్మ ముల్లు గుచ్చుకునే ఊళ్లల్ల పంచరు పని ఎవ్వలు చెయ్యాలె? నాలుగిట్ల ఖర్చు ఎక్కువైంది ఇదే. ఆ పైసలకు న్యాయం జరిగేది సీసీ రోడ్డు సందుల కాడ, మొరం దారి మీద. అడ్డకర్ర నేల నుంచి నాలుగు ఇంచుల పైన ఉంటది, ఏదీ ఒరుసుకోదు.

రాడ్ దగ్గరనే చానామంది తప్పు చేస్తరు. ఇల్లు కట్టంగ మిగిలిన సలాక ముక్క వేస్తరు. దాని మీద ఉబ్బెత్తు గీతలుంటయి, బేరింగు ఎక్కదు, అరగదీసి ఎక్కిస్తె లొడలొడ. 20 ఎంఎం బ్రైట్ రాడ్ (నున్నటి గుండ్రటి ఇనుప కడ్డీ) అని అడగాలె. ఎనకకు 28 ఇంచులు, ముందటికి 26, కోతతోటి కలిపి ఐదడుగులు కొంటె 3.8 కిలోల దాక తూగుతది. లేతు షాపుల నాలుగు కొసలకు, చక్రం జారిపోకుండ ఆపే కాటర్ పిన్ను రంధ్రాలు కొట్టియ్యాలె. కొసకు మర పెట్టి నట్టు వేస్తె చక్రం తిరిగే కొద్ది ఒక దిక్కు నట్టు ఊడుతది. రాడ్ బిగియ్యడానికి అర ఇంచు జీఐ పైపు క్లాంపులు వాడుండ్రి. ఆ పైపు బయటి సైజు 21.3 ఎంఎం, రాడ్‌కు జర వదులుంటది, నడుమ పాత సైకిల్ ట్యూబు ముక్క పెడితె పట్టేస్తది. రాడ్ తిరగొద్దు, చక్రమే తిరగాలె. రెండు చక్రాలు రాడ్‌తోటి కలిసి తిరిగితె మలుపు కాడ ఒకటి ఈడ్చుకుంట పోతది.

కర్ర గురించి ఎక్కువ చెప్పే పనిలేదు. కోత మిషన్ కాడ మిగిలిన వేప ముక్క, పాత దర్వాజ కర్ర, ఏదైనా మంచిదే. తుమ్మ గట్టిది గాని బరువు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి తేలికగుంటదని ఆశపడొద్దు, అది చెక్కడానికి పుట్టిన కర్ర, బోల్టు బిగిస్తె వాషర్ లోపలికి దిగుతది. పచ్చి కర్ర అయితె ఆరినంక సన్నబడి బోల్టులన్నీ వదులైతయి.

ముందటి బోల్టు నాలుగు సూతులది, అంటె అర ఇంచు మందం, ఐదు ఇంచుల పొడుగు. పలకకు, అడ్డకర్రకు నడుమ రెండు పెద్ద వాషర్లు, వాటి నడుమ గ్రీసు. నట్టు ఒక్కటే వేస్తె మలిపిన కొద్ది వదులైతది, రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించాలె, లేదంటె నైలాన్ పట్టు ఉన్న నట్టు వెయ్యాలె. తాడు 8 ఎంఎం నైలాన్‌ది, చక్రాలకు రెండు ఇంచుల లోపలికి కట్టాలె. పలక కింద రెండు పక్కల చిన్న కర్ర దిమ్మలు కొట్టి అడ్డకర్ర ముప్పై డిగ్రీలు దాటి తిరగకుండ ఆపాలె. ఇది మరిచిపోతె గట్టిగ గుంజినప్పుడు ముందటి చక్రం బండి కిందికి జొరబడి తలకిందులైతది.

బ్రేకు బేరింగు మీద పనిచెయ్యదు, ఇనుము మీద ఏం పెట్టినా జారుతది. రబ్బరు చక్రాలకైనా ఒక్క చక్రాన్నే పడితె బండి ఆ పక్కకు గుంజుతది. అందుకే నేలకు ఒరుసుకునే బ్రేకు మేలు: రెండడుగుల 2×1 కర్ర, పలక పక్కకు ఒక బోల్టు మీద, పిడి ముందటికి, కొస ఎనకకు. పిడి మీదికి గుంజితె ఎనక కొస రోడ్డుకు ఆనాలె. కొస ముందటికి ఉన్నదనుకో, రోడ్డుల గుచ్చుకొని బండి ఎగిరి పడతది. కొసకు పాత టైరు ముక్క కొట్టి, మేకుల తలకాయలు రబ్బరు లోపలికి దిగేదాక దించుండ్రి. టైరు అరిగి మేకు కనబడ్డ రోజు ముక్క మార్చాలె.