డిజిటల్ ఆర్ట్ అండ్ డిజైన్ డిగ్రీ: మొత్తం చదివి, కొన్నేళ్లు పని చేశాక నా రివ్యూ

ఈ కోర్సు గురించి అడిగేవాళ్లంతా దాదాపు ఒకటే మాట అడుగుతారు, వీడియోలు చూసి ఇంట్లోనే నేర్చుకోవచ్చు కదా, దీనికి యూనివర్సిటీ దాకా ఎందుకు అని. న్యాయమైన ప్రశ్నే. డిగ్రీ పూర్తి చేసి అప్పట్నుంచీ ఇదే పనిలో ఉన్నా కాబట్టి నాకు తెలిసింది చెప్తా. సాఫ్ట్‌వేర్ నేర్చుకోడానికే అయితే చేరక్కర్లేదు, అది నిజంగానే ఇంట్లో వస్తుంది, ఇంకా త్వరగా వస్తుంది కూడా. కానీ మన బొమ్మని మనం కాకుండా వేరేవాళ్లు ఎలా చూస్తారో తెలుసుకోవాలంటే మాత్రం నాకు క్లాస్‌రూమ్ ఇచ్చింది ఇంకేదీ ఇవ్వలేదు.

ఫస్ట్ ఇయర్‌లో కంప్యూటర్ పెద్దగా ముట్టుకోనివ్వరు. బొగ్గు, పేపర్, కత్తెర, జిగురు, అంతే. చాలామందికి విసుగొచ్చేది ఇక్కడే. ఈ పద్ధతి కొత్తదేం కాదు, 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ స్కూల్లో యోహానెస్ ఇటెన్ పెట్టిన ప్రిలిమినరీ కోర్సు ప్రభావం ఇప్పటికీ చాలా డిజైన్ స్కూళ్ల ఫౌండేషన్ ఇయర్‌లో కనిపిస్తుంది. మాతో చేయించినవాటిలో బాగా గుర్తుండిపోయిన ఎక్సర్‌సైజ్ ఒకటుంది. ఒకే బూడిదరంగు కాగితంలోంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి ఒకటి ముదురు నీలం మీద, ఇంకోటి లేత పసుపు మీద పెట్టాలి. రెండూ ఒకటే రంగంటే కళ్లు ఒప్పుకోవు, ఒకటి వెలుగుతున్నట్టు, ఒకటి మాసిపోయినట్టు ఉంటుంది. తర్వాత అదే స్క్రీన్ మీద చేసి ఐడ్రాపర్‌తో (రంగుని పట్టి చూపించే టూల్) పట్టి చూస్తే రెండింటికీ ఒకటే హెక్స్ కోడ్, అంటే కంప్యూటర్‌లో ఆ రంగుకుండే నంబర్. అప్పట్నుంచి రంగుని కోడ్ చూసి ఎంచుకోవడం మానేశా, పక్కన ఏముందో చూసే ఎంచుకుంటా.

ఇక క్రిట్, అంటే ఒకరి పనిని క్లాసంతా కలిసి చూసి మాట్లాడుకునే సెషన్. కోర్సు ప్రాణమంతా ఇందులోనే ఉంది. పని గోడకి పెడతారు లేదా ప్రొజెక్టర్ మీద వేస్తారు, గీసినవాళ్లు మొదట నోరు తెరవకూడదు, మిగతావాళ్లు ముందు ఏం కనిపించింది, తర్వాత కన్ను ఎటు పోయింది, ఎక్కడ ఆగింది అని చెప్పాలి, బాగుంది బాలేదు అనే మాటలు అక్కడ పనికిరావు. ఒకసారి మా క్లాస్‌మేట్ వేసిన ఇల్లస్ట్రేషన్ చూశాం, పచ్చటి అడవిలో ఎర్ర గౌను వేసుకున్న అమ్మాయి, చూడగానే అందరం వావ్ అన్నాం. మేడమ్ ఏం మాట్లాడకుండా పైన రంగులన్నీ గ్రేగా మార్చి చూపించే ఒక బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టారు. అమ్మాయి మాయం. ఆ ఎరుపు, ఆ పచ్చ రెండూ ఒకే వెలుగు స్థాయిలో ఉన్నాయి కాబట్టి గ్రేలోకి వచ్చేసరికి గౌను వెనకాల ఆకుల్లో కలిసిపోయింది. వెనకాల కాస్త లేత పొగమంచు వేయగానే అమ్మాయి మళ్లీ బయటికొచ్చింది, పైగా మునుపటికంటే బొమ్మలో లోతు పెరిగింది. ఈ విషయం చెప్పే వీడియోలు బోలెడున్నాయి, కానీ మనం ఇంతసేపు మెచ్చుకున్న బొమ్మలో, మన కళ్ల ముందే జరిగితే అది ఇంక మర్చిపోం.

హిస్టరీ క్లాసులు చాలామంది ఎగ్గొడతారు, దయచేసి ఎగ్గొట్టొద్దు. 1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో లైట్ పెన్‌తో నేరుగా స్క్రీన్ మీద గీసేవారని చూస్తే మన చేతిలో ఉన్నదాని వయసు తెలుస్తుంది. 1984లో వచ్చిన ఆపిల్ మాకింతోష్ కంప్యూటర్ కోసం డిజైనర్ సూసన్ కేర్ ఐకాన్లని గ్రాఫ్ పేపర్ మీద గళ్లు నింపుతూ డిజైన్ చేశారు. మాకూ 32 బై 32 గళ్లిచ్చి, నలుపు తెలుపు మాత్రమే వాడి "ఆగండి" అనే ఐకాన్ వేయమన్నారు, ఒక్క గడి ఇటు జరిగితే అర్థమే మారిపోతుంది. ఐకాన్ డిజైన్ గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ పేపర్ మీదే.

టెక్నికల్ సైడ్ పర్లేదు. ప్రింట్‌కైతే 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెల్స్) అంటే ఏ3కి దాదాపు 3508 బై 4961 పిక్సెల్స్ కావాలని, స్క్రీన్ మీద మెరిసే నియాన్ పచ్చ సీఎంవైకేలోకి (ప్రింటింగ్‌లో వాడే నాలుగు ఇంకుల రంగులు) వెళ్తే నీరసించిపోతుందని, మామూలు సైజు టెక్స్ట్‌కి బ్యాక్‌గ్రౌండ్‌కి కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని, 24 ఫ్రేముల యానిమేషన్‌లో ఒక్కో డ్రాయింగ్ రెండేసి ఫ్రేములు నిలబెడితే సెకనుకి 12 గీస్తే చాలని, ఇలాంటివన్నీ అసైన్‌మెంట్లలోనే వచ్చేస్తాయి. టైపోగ్రఫీలో మాత్రం ఒక లోటు, ఉదాహరణలన్నీ ఇంగ్లిష్ అక్షరాలతోనే. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ గ్యాప్ తెలుగుకి పెడితే పై లైన్ వత్తులు వచ్చి కింది లైన్ గుడుల మీద కూర్చుంటాయి, ఇది నేను ఉద్యోగంలోకి వచ్చాక సొంతంగా నేర్చుకోవాల్సొచ్చింది.

నాకు కోపం తెప్పించినవీ ఉన్నాయి. బయట పనికి కొటేషన్ ఎలా ఇవ్వాలి, ఎన్నిసార్లు మార్పులు ఒప్పుకోవాలి, సోర్స్ ఫైల్స్ ఇవ్వాలా, కాపీరైట్ ఎవరిది, ఇవేవీ సరిగ్గా చెప్పలేదు, అన్నేళ్ల సిలబస్‌లో దీనికి చోటు దొరకలేదంటే బాధగానే ఉంటుంది. గ్రూప్ ప్రాజెక్టుల్లో పని ఒకరిద్దరి మీదే పడుతుంది, మార్కులు అందరికీ ఒకటే. ఇంకోటి, స్టూడెంట్ లైసెన్స్ చదువుతోపాటే అయిపోతుంది, పెద్ద సాఫ్ట్‌వేర్లు చాలావరకు సబ్‌స్క్రిప్షన్ మీదే నడుస్తున్నాయి కాబట్టి చదివేటప్పుడే బ్లెండర్ (3డీకి), క్రిటా (బొమ్మలు గీయడానికి) లాంటి ఫ్రీ, ఓపెన్ సోర్స్ టూల్స్ మీద కూడా చేయి తిరిగేలా చూసుకోండి, పాత పనంతా లేయర్లు కలపకుండా ఒక కాపీ, ఫ్లాట్ చేసి ఒక కాపీ దాచుకోండి. టాబ్లెట్ గురించి కూడా అడుగుతుంటారు, స్క్రీన్ లేనిదైనా పెన్ ప్రెషర్ బాగుంటే సరిపోతుంది, దానికంటే ముందు మంచి కుర్చీ చూసుకోండి, మణికట్టు నొప్పి మొదలైతే అంత తేలిగ్గా వదలదు.

చేరేముందు ఆ డిపార్ట్‌మెంట్ ఫైనల్ ఇయర్ ఎగ్జిబిషన్ తప్పకుండా చూసి రండి. అందరి పనులూ ఒకే చేతితో గీసినట్టుంటే అక్కడ నడిచేది టీచర్ల టేస్ట్ అన్నమాట, కాస్త ఆలోచించండి. ఫైనల్ పోస్టర్ పక్కన స్కెచ్‌బుక్కులు, పక్కన పెట్టేసిన ఐడియాలు కూడా పెట్టారా చూడండి. అక్కడున్న సీనియర్లని పట్టుకుని క్రిట్ వారానికి ఎన్నిసార్లు జరుగుతుంది, ఒక్కొక్కరికి ఎంతసేపు ఇస్తారు, క్లాసులయ్యాక ల్యాబ్ తెరిచి ఉంటుందా అని అడగండి. క్రిట్ సెమిస్టర్ చివర జ్యూరీ రోజు (మార్కుల కోసం పని చూపించే రోజు) ఒక్కసారే అన్నారంటే మాత్రం నేనైతే అక్కడ చేరను.