ఎనిమిది నెలలైనా ఆ గేటు దగ్గర ఆగుతూనే ఉంది

కథ, బొమ్మ, సంగీతం గురించి ఇప్పటికే అందరూ రాసేశారు, వదిలేద్దాం. పేరు పెట్టి తిట్టడం కూడా ఇష్టం లేదు. అన్‌రియల్ ఇంజన్ 5 (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద చేసిన పెద్ద బడ్జెట్ గేమ్ అనుకోండి చాలు. ఆడింది రైజన్ 5 5600, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్న పీసీలో, 1080పీలో, ఎనిమిది నెలలు. నా గోడు అంతా ఒక్కదాని గురించే: స్టటర్, అంటే ఆడుతుండగా బొమ్మ తటపటాయించి ఆగిపోవడం.

రెండో అధ్యాయంలో కోట గేటు తోయగానే బొమ్మ బిగుసుకుపోతుంది. 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) కావాలంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లలో రావాలి, అక్కడ ఒకే ఫ్రేము 180 దాకా తింటుంది. సగటు మాత్రం 72 అని చూపిస్తుంది. సగటు చూసి మోసపోకండి, ‘1 పర్సెంట్ లో’ (అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం) చూడండి, అక్కడ 19.

రోగం ఏదో తేల్చుకోవడం తేలికే. గేటు దాటి, వెనక్కొచ్చి, మళ్లీ దాటండి. రెండోసారి ఆగకపోతే షేడర్ల (వెలుగు, రంగు ఎలా పడాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాముల) గొడవ. వెళ్లిన ప్రతిసారీ అక్కడే ఆగితే, కొత్త ఏరియా లోడ్ చేయడంలో లోపం. ఈ గేమ్‌కి రెండూ ఉన్నాయి! గ్రాఫిక్స్ తగ్గించినా, తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే ఆ క్షణంలో ఇరుక్కునేది సీపీయూ (ప్రాసెసర్). కన్సోల్‌లో చిప్ ఒకటే కాబట్టి షేడర్లు ముందే వండి, అంటే ఆ చిప్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చి పంపిస్తారు. పీసీలో కార్డును బట్టి, డ్రైవర్‌ను బట్టి ఇంట్లోనే వండుకోవాలి.

ఆ వంట మొదటి మెనూ దగ్గరే పెట్టడం మెచ్చుకోవాల్సిన పనే. కాకపోతే 22 నిమిషాలు పడుతుంది, పైగా సగం ఎఫెక్టులు ముందే వండాల్సిన వాటి జాబితాలోనే లేవు. డ్రైవర్ మార్చిన ప్రతిసారీ మళ్లీ మొదటికే. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో ఆరు కోర్లూ నూరు శాతం మీద నడిస్తే ప్రాసెసర్ 90 డిగ్రీల దాకా పోతుంది. 70 శాతం దగ్గర కరెంటు పోతే 600 వీఏ యూపీఎస్ అంతసేపు మోయదు, ఈ గేమ్ సున్నా నుంచి మొదలుపెడుతుంది. గేమింగ్ సెంటర్లలో ఇంకా ఘోరం. సొంత డిస్క్ లేకుండా సర్వర్ నుంచి నడిచే డిస్క్‌లెస్ సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే షేడర్ క్యాష్ (వండి దాచుకున్న షేడర్లు) తుడిచిపెట్టుకుపోతుంది. గంటకు డబ్బు కట్టి కూర్చున్న పిల్లోడు అందులో మూడో వంతు లోడింగ్ గీత చూస్తూ గడపాలి. గేములు అమ్మే స్టీమ్ స్టోర్‌లో రిఫండ్‌కి ఉన్న రెండు గంటల లెక్కలో కూడా ఈ టైమ్ పోతుంది.

ఇంత జరిగితే తిట్లు పడేది ప్రోగ్రామర్లకే. కాదబ్బా! టెస్టర్లు గేమంతా ఆడి, ఏ ఎఫెక్ట్ ఎక్కడ వస్తుందో రికార్డు చేస్తే ఆ జాబితా గేమ్‌తో పాటే వస్తుంది. లెవెల్ మారితే మళ్లీ రికార్డు చేయాలి. ఆఖరి వారం దాకా లెవెళ్లు మారుతూనే ఉంటే ఎవరు, ఎప్పుడు చేస్తారు? తేదీ ఖాయం చేసిన వాళ్లనే అడగాలి. సైబర్‌పంక్ 2077 గేమ్ విషయంలో జరిగింది చూడండి. 2020 డిసెంబర్‌లో పాత కన్సోళ్ల మీద చతికిలపడితే సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచే తీసేసింది. 2021 జనవరిలో దాన్ని తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ పెద్దాయన మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో చెప్పింది కూడా అదే: విడుదల నిర్ణయం తనదీ బోర్డుదీ, టీమ్‌ను తప్పుపట్టొద్దని.

తప్పు నుంచి ఇంజన్‌ను కూడా పూర్తిగా వదిలేయలేం. ఆ రికార్డింగ్ లేకుండానే షేడర్లు ముందే సిద్ధం చేసే పీఎస్‌ఓ ప్రీక్యాషింగ్ అన్‌రియల్‌లో 5.1 వెర్షన్‌తో గానీ రాలేదు. అయినా పాత అన్‌రియల్ 4 మీదే హై-ఫై రష్ గేమ్ 2023లో నున్నగా నడిచింది కదా. విడుదలకు ముందే డబ్బు కట్టి ప్రీ-ఆర్డర్ కొట్టే మన తప్పు ఎంతో మనకే తెలియాలి.

మూడో ప్యాచ్ తర్వాత బాగుందని చాలామందికి చెప్పాను. అది 12 జీబీ కార్డుకే వర్తిస్తుంది. 8 జీబీ అయితే టెక్స్చర్లు మీడియం చేయండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో షేడర్ క్యాష్ సైజు 10 జీబీకి పెంచండి, ఫ్రేమ్ క్యాప్ (సెకనుకు ఫ్రేముల పరిమితి) 60 పెట్టండి. గేటు దగ్గర ఆగడం తగ్గుతుంది, పోదు.

ఇన్వర్టర్, ఏసీ ఉన్నవాళ్లు సేల్‌లో తీసుకోవచ్చేమో. నా పీసీలో మాత్రం డ్రైవర్ అప్‌డేట్ జూన్ దాకా ఆపేశాను.