లేజర్ ఆపరేషన్ అయ్యి ఆరేండ్లు: నంబరు పోయింది, అద్దాలు పోలేదు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. 2019 జనవరిలో, సంక్రాంతి పోయినంక మిల్లులో పని కొంచెం తగ్గిన రోజులు చూసుకొని, హైదరాబాద్‌లో రెండు కండ్లకూ లేసిక్, అంటే లేజర్‌తో నంబరు తీసేసే ఆపరేషన్, చేయించుకున్నాను. అప్పుడు నాకు 37 ఏండ్లు. కుడి కంటికి మైనస్ 5.5, ఎడమ కంటికి మైనస్ 4.75, రెండింటికీ కొద్దిగా సిలిండర్ (అడ్డం నంబరు). ఆరేండ్లు దాటినంక రాస్తున్నాను. ఆపరేషనైన వారానికి అడిగి ఉంటే అందరిలాగే నేనూ ఎగిరి గంతేసేవాణ్ణి.

ముందు పరీక్షల సంగతి. ఆపరేషన్ కంటే వీటికే ఎక్కువసేపు పట్టింది, పట్టాలి కూడా. కంటి ముందు అద్దంలా ఉండే కార్నియా పొర మందం నాకు 528 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. దాని మీద 110 మైక్రాన్ల మందంలో మూతలాగ ఒక పలుచటి పొర లేపుతారు. ఆ కింద లేజర్ ఒక్కో నంబరుకు సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు అరగదీస్తుంది. ఇదంతా పోయినంక అడుగున ఎంత మిగులుతుందనేదే అసలు లెక్క. 250 మైక్రాన్ల కంటే తగ్గొద్దు, ఇంకా ఎక్కువుంటే మంచిది అంటారు. నా లెక్క డాక్టరమ్మ కాగితం మీద వేసి చూపించింది. మిల్లులో రోజూ తవుడెంత, నూకెంత, బియ్యమెంత అని చూసేవాణ్ణి కాబట్టి నాకు వెంటనే ఎక్కింది.

మా మేనకోడలు నన్ను చూసి రెండేండ్ల తర్వాత పోతే, స్కానింగ్ చూసి వద్దే వద్దన్నారు. కార్నియా కొంచెం ముందుకు మొన తేలుతోందట. కెరటోకోనస్ అంటారు. అట్లాంటి కంటికి లేజర్ చేస్తే ఉన్న చూపు కూడా పాడవుతుంది. పిల్ల ఏడ్చింది గానీ, ఆ మాట చెప్పి పంపినోళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. కండ్లు నలుపుకునే అలవాటు మానమని కూడా గట్టిగా చెప్పి పంపారు.

బీమా సంగతి ఒక్క ముక్క: నంబరు 7.5 లోపుంటే ఆరోగ్య పాలసీలు దీనికి పైసలియ్యవు. నా జేబులో నుంచి రెండు కండ్లకూ 70 వేలు పోయాయి.

ఇగ ఆపరేషన్. నొప్పి లేదు, కానీ ఏమీ తెలియదు అనేది అబద్ధం. తిమ్మిరి చుక్కలు వేసి, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు. కనురెప్ప వేయాలనిపిస్తుంది, పడదు. ఆ తర్వాత కంటి మీద ఒక రింగు పెట్టి గాలి పీల్చినట్టు బిగిస్తారు. కనుగుడ్డును ఎవరో బొటనవేలితో ఒత్తిపట్టినట్టుంటుంది, చూపు మసకబారి కొన్ని క్షణాలు పూర్తిగా చీకటైపోతుంది. ఇది ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకుంటే లేచి ఉరికేవాణ్ణి. నా భయమల్లా ఒకటే: ఇప్పుడు తుమ్మొస్తే? అడిగితే డాక్టరమ్మ నవ్వి, "తుమ్మొచ్చేటట్టుంటే చెప్పండి, ఆపుతాను. కన్ను కదిలినా మిషన్ కనిపెడుతుంది" అన్నది.

తర్వాత ఇంకో మిషన్ కిందికి జరిపి, పైనున్న దీపాన్నే చూడమన్నారు. పొర పక్కకు మడవగానే ఆ దీపం చెరువులో పడ్డ చంద్రుడిలాగ చెదిరిపోయింది. టకటకమని చప్పుడు, పక్కన ఒకాయన సెకన్లు లెక్కపెట్టడం, వెంట్రుక కాలిన వాసన. నిజానికి అక్కడ కాలేది ఏమీ లేదట, ఆ కిరణం వేడి లేకుండానే అణువుల మధ్య బంధాలను తెంచి ఆవిరి చేస్తుందట. అయినా ముక్కుకు ఆ సంగతి తెలుస్తుందా? ఒక్కో కంటికి లేజర్ అర నిమిషం కూడా పట్టలేదు. చివర్లో పొరను మళ్లీ పరిచి, నీళ్లు కొట్టి, చిన్న బ్రష్షు లాంటిదానితో సాపు చేస్తుంటే, నీళ్లడుగున పడుకొని పైకి చూస్తున్నట్టుంది. మొత్తం ఇరవై నిమిషాల్లో బయటికొచ్చాను.

వనస్థలిపురంలో అక్క ఇంటికి చేరేసరికి తిమ్మిరి దిగింది. మిరపకాయలు తొడిమలు తీసిన చేత్తో కన్ను నలుపుకున్నట్టు మంట, ఆగని నీళ్లు. మూడు నాలుగు గంటలు కండ్లు తెరవలేదు. వాళ్లు చెప్పినట్టే పడుకున్నాను. సాయంత్రం లేస్తే ఎదురుగ గోడ మీద బల్లి. పాలు కలిపిన నీళ్లలోంచి చూసినట్టు కొంచెం మసకే గానీ, దాని కాళ్లు, వేళ్లు కూడా కనబడుతున్నాయి. "అక్కా, బల్లి!" అని అరిస్తే ఆమె భయపడి చీపురు పట్టుకొచ్చింది.

అద్దాలు వెతుక్కునే అలవాటు మాత్రం చాన్నాళ్లు పోలేదు. పొద్దున లేవగానే దిండు పక్కన తడుముకునేవాణ్ణి. మాట్లాడుతూ మాట్లాడుతూ ముక్కు మీద లేని అద్దాలను పైకి తోసేవాణ్ణి.

నాకు కోపం వచ్చింది ఒక్కచోటే. పైసలు కట్టించుకున్న కౌన్సెలర్ "రెండో రోజే డ్యూటీకి పోవచ్చు సర్" అన్నాడు. నేనేం పని చేస్తానో అడగలేదు. ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు ఆ మాట నిజం కావచ్చు. నేను నాలుగో రోజు మిల్లుకు పోతే, ఊక దుమ్ము ఒక్క గంటలో కండ్లను చింతనిప్పుల్లాగ చేసింది. నలుపుకుంటే పొర కదులుతుందని భయం, నలుపుకోకుంటే ఉండలేను. ఆ పూటే బస్సెక్కి మళ్లీ హైదరాబాద్ పోయాను. పొర బాగానే ఉంది, పది రోజులు మిల్లు మొహం చూడొద్దన్నారు. దుమ్ములో పనిచేసేవాళ్లు, పొలం పనులున్నవాళ్లు ఈ మాట ముందే తేల్చుకోండి. ఇన్నేండ్లు నా అద్దాలు చూపుకే కాదు, దుమ్ముకు తడకలాగ కూడా పనిచేశాయని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పటికీ మిల్లు లోపలికి పోతే నంబరు లేని అద్దాలు పెట్టుకునే పోతాను. అద్దాలు తీసేయాలని 70 వేలు పెట్టి, మళ్లీ రెండొందలు పెట్టి అద్దాలు కొనుక్కున్నానని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

దుమ్ము తర్వాత రెండో ఇబ్బంది, కండ్లు ఎండిపోవడం. పొర కోసేటప్పుడు కార్నియా నరాలు కూడా తెగుతాయి. అవి మళ్లీ అల్లుకునేదాకా, కన్నీళ్లు ఊరాలన్న కబురు సరిగా పోదు. నాకు ఏడెనిమిది నెలలు పట్టింది. తెల్లవారి లేస్తే రెప్ప లోపల ఇసుక అంటినట్టుండేది. కన్నీళ్ల చుక్కలు మొదట గంట గంటకూ, తర్వాత రోజుకు నాలుగుసార్లు. ఇప్పుడు యాసంగి ధాన్యం వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే వాడుతున్నాను. వీటితోపాటు స్టెరాయిడ్ చుక్కలు కూడా ఇస్తారు, వాటితో జాగ్రత్త. చీటీలో రాసినన్ని రోజులే వాడాలి. ఎర్రబడ్డప్పుడల్లా మెడికల్ షాపులో అదే సీసా అడిగి వేసుకుంటే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. మా హమాలీ ఒకతను ఎవరో ఇచ్చిన చుక్కలు అట్లనే నెలల తరబడి వేసుకుంటుంటే నేనే మాన్పించాను.

మూడోది రాత్రి బండి. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట లారీలు ఎట్లుంటాయో ఇక్కడోళ్లకు చెప్పక్కర్లేదు. మొదటి నాలుగు నెలలు ప్రతి లైటు చుట్టూ వరదగుడి కట్టేది. ఎదురుగ రెండు లైట్లొస్తే ఒక లారీనో, రెండు బండ్లో తెలిసేది కాదు. చీకటి పడితే బండి ముట్టుకోలేదు. ఇప్పుడు చాలావరకు పోయింది, వాన పడే రాత్రులు మాత్రం కొంచెం ఉంటుంది.

ఎడమ కంటికి మైనస్ 0.5 వెనక్కి వచ్చింది. దానికోసం మళ్లీ లేజర్ అవసరం లేదన్నారు, నాకూ అనిపించలేదు. ఏడాదికోసారి చుక్కలు వేయించుకొని కంటి వెనకుండే రెటీనా పొరను చూపించుకుంటాను. లేజర్ కంటి ముందుండే పొరను మార్చింది గానీ, ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ల గుడ్డు పొడవు అట్లనే ఉంటుంది, రెటీనా చిరిగే భయం కూడా అట్లనే ఉంటుంది. ఉన్నట్టుండి మెరుపులు, నల్ల చుక్కల గుంపు కనబడితే ఆ రోజే పోవాలి. ఆపరేషన్‌కు ముందు తీసిన రీడింగుల కాగితాలు పట్టాదారు పాసుపుస్తకంతోపాటు బీరువాలో పెట్టాను. రేపు ముసలితనంలో శుక్లాల ఆపరేషన్‌కు లెన్సు నంబరు కట్టేటప్పుడు అవి పనికొస్తాయి.

నేను సరిగ్గా వినిపించుకోనిది చత్వారం సంగతి. "నలభై దాటితే దగ్గర చూపుకు అద్దాలొస్తాయి, లేజర్ దాన్ని ఆపదు" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నేను తలూపాను. మైనస్ ఉన్నవాళ్లకు ఒక సుఖం ఉంటుంది, నలభై దాటినా అద్దాలు తీసేస్తే దగ్గరిది కనబడుతుంది. మా అన్న ఇప్పటికీ అట్లనే పేపరు చదువుతాడు. ఆ సుఖం నేను 70 వేలిచ్చి అమ్ముకున్నాను. అయినా మళ్లీ చేయించుకుంటావా అంటే చేయించుకుంటాను, 37లో కాదు, 25లోనే.

మొన్న ధాన్యం ట్రాక్టరొచ్చింది. తేమ మిషన్‌లో గుప్పెడు గింజలు పోసి, అంకె కోసం చెయ్యి దూరం జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చి, చివరికి జేబులోంచి ప్లస్ 1.25 అద్దాలు తీశాను. పక్కన నిలబడ్డ పెద్దాయన నా మొహం చూసి, "కండ్లు బాగు చేయించుకున్నవంటివి గద బిడ్డా, మళ్ల ఈ అద్దాలేంది?" అన్నాడు.

"ఇవి వేరే తాతా" అన్నాను.

"సరే తియ్, తేమెంతొచ్చిందో జెర సక్కగ చూసి చెప్పు."