డిప్యూ పందాల్లో పాత ఇంజిన్ కొనడం: ఎక్కడ దిగాలి, ఏం విప్పి చూడాలి

ఇల్లినాయ్ రాష్ట్రంలో డిప్యూ అని చిన్న ఊరు. అక్కడ ఏటా ఔట్‌బోర్డ్ మోటార్ల (పడవ వెనక తగిలించేవి) పందాలు జరుగుతాయి. పందెం ఇంజిన్ కొందామని వెళ్లాం. ముందు దారిలో ఆగిన దుకాణం సంగతి. ఇంటర్‌స్టేట్ 80 పక్కనే పాత ఔట్‌బోర్డ్ మోటార్లు అమ్మే షెడ్డు. ఫోన్లో "రేసింగ్ మోటార్, 25 హార్స్‌పవర్, 1,800 డాలర్లు" అన్నారు. వెళ్లగానే 75 డాలర్లు ఇన్‌స్పెక్షన్ ఫీజు కట్టించుకున్నారు. కట్టాక ప్లగ్గులు విప్పనివ్వరట, సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టనివ్వరట! "చూడ్డానికే ఫీజు, విప్పడానికి కాదు" అన్నాడు కౌంటర్ దగ్గరి పెద్దమనిషి. కొనబోయేది మా బావమరిది. తనకి ఒళ్లు మండిపోయింది, డిప్యూ దగ్గరి పెరూ ఊరొచ్చేదాకా కార్లో నోరు విప్పలేదు.

విప్పకుండానే తెలిసిపోయింది లెండి, అది చేపలు పట్టే మోటారు. కౌలింగ్ మీద, అంటే ఇంజిన్ పై మూత మీద, ఎర్ర చారలు వేయించారంతే. ఎలా తెలిసిందంటే, మోటార్ నుంచి నీళ్లలోకి దిగే షాఫ్ట్ 20 అంగుళాలుంది. హైడ్రో అనే పది పన్నెండడుగుల పందెం పడవకి 15 అంగుళాల షాఫ్టే పొడవు. గేర్ లీవర్‌లో ఫార్వర్డ్, న్యూట్రల్, రివర్స్ మూడూ ఉన్నాయి, పందెం ఇంజిన్‌కి అవేవీ ఉండవు. అన్నిటికంటే ముఖ్యం గేర్ రేషియో. ఇంజిన్ మీద తిరిగే ఫ్లైవీల్ చక్రం మీద సుద్దతో గీత పెట్టి, గేర్లో వేసి చేత్తో తిప్పండి. ఫ్లైవీల్ రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టే తిరిగిందంటే అది బరువు లాగే పడవకి చేసిన గేర్‌బాక్స్. పందెం ఇంజిన్ల లోయర్ యూనిట్‌లో (గేర్లూ ప్రొపెల్లరూ ఉండే కింది భాగం) దాదాపు ఒకటికి ఒకటి తిరుగుతుంది. ఈ పరీక్షకి పానా కూడా అక్కర్లేదు, ఏ షాపువాడూ వద్దనలేడు.

షికాగో పక్కనున్న నేపర్‌విల్ నుంచి పెరూ గంటంబావు ప్రయాణం, దారిలో చెప్పుకోవాల్సిందేం లేదు. బస గురించి మాత్రం చెప్పుకోవాలి. జులై చివర్లో డిప్యూలో పందాలు, అదే వారాంతంలో స్టార్వ్‌డ్ రాక్ పార్కుకి షికాగో జనమంతా. దాంతో మోటళ్ల రేట్లు ఆకాశంలో ఉంటాయి. మేం దిగినచోట రాత్రికి 189 డాలర్లు, పన్ను అదనం, రద్దు చేస్తే ఒక్క పైసా రాదు. ట్రైలర్‌కి చోటుందని ఫోన్లో ఒట్టేసినంత పని చేశారు. తీరా వెళ్తే "ఎవరు చెప్పారు?" అని ఎదురు ప్రశ్న. ట్రైలర్‌ని రోడ్డవతల పెట్రోల్ బంకువాడిని బతిమాలి నిలిపాం, వాడికి రాత్రికి 20 డాలర్లు. గదిలో ఏసీ రైలింజన్‌లా మోగింది. మా బావమరిది అర్ధరాత్రి లేచి దాన్ని కట్టేశాడు, తెల్లారేసరికి చెమటకి దుప్పటి తడిసిపోయింది. పొద్దున్న బ్రేక్‌ఫాస్ట్ అని పెట్టినవి చల్లటి బ్రెడ్డూ, నీళ్ల కాఫీ.

తిండి విషయంలో మాత్రం ఈ చుట్టుపక్కల ఊళ్లని మెచ్చుకోవాల్సిందే. డిప్యూకి దగ్గర్లో లాడ్ అని చిన్న ఊరు. అక్కడి వేపుడు కోడికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. క్యూలో నిలబడ్డవాళ్లకి ముందుగా మూకుడులో తేలిన పిండి పలుకుల్ని గిన్నెలో వేసి ఇస్తారు. కరకరలాడుతూ, ఉప్పగా, మన పకోడీల అడుగు పొడిలా ఉంటాయవి. ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత అక్కడే తీశాం. బావమరిది మొహంలో నవ్వు కనబడింది అప్పుడే.

ఇక డిప్యూ. పందాల సరస్సు ఊళ్లోనే. పడవలు సిద్ధం చేసే పిట్స్‌లో మిథనాల్ ఇంధనం వాసన, టూ స్ట్రోక్ అరుపు. చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి. ఒక్కో విడత పందెం అంటే హీట్. హీట్‌కీ హీట్‌కీ మధ్య వెళ్లి అడిగితే ఎవరైనా కౌలింగ్ ఎత్తి చూపిస్తారు. బోటు నీళ్లలోకి దింపాక వాళ్ల ధ్యాసంతా పందెం మీదే, అప్పుడు పలకరించకండి.

ఇక్కడి ఇటలీ ఇంజిన్లు చూసి నోరూరుతుంది గానీ, మొదటి ఇంజిన్‌గా మిథనాల్ తాగేది కొనకండి. జెట్టింగ్, అంటే కార్బ్యురేటర్ ఇచ్చే ఇంధనం పాలు, ఏమాత్రం తేడా వచ్చినా పిస్టన్ కరిగిపోతుంది. మొదటిసారికి జపాన్ కంపెనీ యమాటో మోటారే తీసుకోండి: రెండు సిలిండర్లు, సుమారు 400 సీసీ, టూ స్ట్రోక్. జపాన్‌లో 24 స్టేడియాల్లో జరిగే బోటు పందాలన్నీ ఈ కంపెనీ మోటార్లతోనే. అక్కడ స్టేడియం మోటార్లని ఏటా మారుస్తారు. పందెం కోసమే పుట్టిన ఇంజిన్ కనుక షాఫ్ట్ కొయ్యడం, గేర్లు మార్చడం లాంటి తంటాలుండవు. అమెరికాలో సీ స్టాక్ హైడ్రో అనే పందెం క్లాసుకీ ఇదే, ఓఎస్‌వై-400 క్లాసుకీ ఇదే. కాకపోతే రెండు క్లాసుల రూల్ బుక్కులూ వేరు. ఏ క్లాసులో దిగుతారో తేల్చుకున్నాకే మోడల్ అడగండి.

"పోర్టులు పెద్దవి చేయించా, హెడ్ కాస్త అరగదీయించా, పిచ్చి స్పీడ్" అని ఎవరైనా గొప్పగా చెప్తే నమస్కారం పెట్టి ముందుకి కదలండి. కంపెనీ ఇచ్చినట్టే ఇంజిన్ ఉంచాల్సిన స్టాక్ క్లాసులో గెలిచాక ఇంజిన్ విప్పి కొలుస్తారు. హెడ్, కార్బ్యురేటర్ గొంతు, ఫ్లైవీల్ బరువు, ఏది తేడా ఉన్నా గెలుపు పోయినట్టే.

గేజ్ పెట్టేటప్పుడు రెండు ప్లగ్గులూ తీసి, వైర్లు బ్లాక్‌కి ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఐదారుసార్లు తాడు లాగండి. రెండు సిలిండర్ల మధ్య తేడా పదిశాతం దాటితే బేరం మారాలి. 1,400 డాలర్లకి చూపించిన యమాటో 102 మోడల్‌లో ఒక సిలిండర్ 110 పీఎస్‌ఐ, రెండోది 88. టార్చి వేసి చూస్తే పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ పోర్టు పక్కన సిలిండర్ గోడ మీద అల్యూమినియం చార నిలువుగా అంటుకుని ఉంది. పిస్టన్ ఒకసారి పట్టేసిందన్నమాట. ఇంజిన్ నడుస్తుంటే థ్రాటిల్ వదిలాక కూడా రెవ్స్ వెంటనే దిగకపోతే క్రాంక్ సీల్ గాలి పీలుస్తోందని అనుమానించండి. అలాంటిది ఇంధనం చాలక (లీన్‌గా) నడిచి ఏదో ఒకరోజు పట్టేస్తుంది.

అందరూ పైభాగం చూసి మురిసిపోతారు గానీ డబ్బు తినేది లోయర్ యూనిట్. గేర్ ఆయిల్ స్క్రూ విప్పితే పాలలా తెల్లగా వచ్చిందా, సీలు పోయి నీళ్లు దిగాయి. వేళ్ల మధ్య రుద్దితే రేకు ముక్కలు తగిలితే గేర్లు పోయినట్టే. ప్రొపెల్లర్ తీసేసి, షాఫ్ట్ చివరకి మేకు మొన ఆనేటట్టు పట్టుకుని తిప్పండి. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే షాఫ్ట్ వంగింది. ప్రొపెల్లర్ కింద ఉండే స్కెగ్ రెక్క మీద వెల్డింగ్ మచ్చ ఉంటే ఎప్పుడో రాయికి కొట్టింది. పందెం లోయర్ యూనిట్లు చాలావాటికి నీటి పంపు ఉండదు, బోటు పరుగెత్తితేనే చల్లదనం. అందుకే "డ్రమ్ములో పెట్టి పది నిమిషాలు నడిపి చూపించు" అని అడగకండి. నీళ్లలో నడిచింది చూసి కొనాలి.

మేం ఆదివారం చివరి హీట్ అయ్యేదాకా ఆగింది ఇందుకే. శని, ఆదివారాలు రెండ్రోజులూ మేం కొనాలనుకున్న ఇంజిన్ తిరగడం కళ్లారా చూశాం. నడుంలోతు నీళ్లలో ఒకతను వెనకభాగం ఎత్తి పట్టుకుంటే, నడిపేవాడు ఒక్క లాగుకి స్టార్ట్ చేశాడు. న్యూట్రల్ లేదు కనుక పట్టు వదలగానే బోటు దూకింది. ఆ యమాటో 302కి శనివారం 2,600 చెప్పారు. రెండు ప్రొపెల్లర్లు, ఒక స్పేర్ లోయర్ యూనిట్ కలిపి ఆదివారం సాయంత్రం 2,250కి ఇచ్చారు. అంత దూరం మళ్లీ మోసుకుపోవడం వాళ్లకీ ఇష్టం ఉండదు.

తెచ్చేటప్పుడు కార్బ్యురేటర్ గిన్నె ఖాళీ చేసి, ట్యాంకు విడిగా ట్రైలర్‌లో పెట్టండి. కారులో పెట్టుకుంటే ఇల్లు చేరేసరికి తలనొప్పి ఖాయం. మోయడానికి ఇద్దరుండాలి. ఇంటికొచ్చాక ప్లగ్గులు, గేర్ ఆయిల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ సీళ్లు, కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపే మీట) తాడు ఎలా ఉన్నా సరే మార్చేయండి. మాకు వీటన్నిటికీ అయింది 118 డాలర్లు. గది మాత్రం ఈసారి ప్రిన్స్‌టన్ వైపు మే నెలలోనే చూసుకోవాలి. ట్రైలర్ చోటు సంగతి ఈమెయిల్‌లో రాయించుకున్నాకే కార్డు నంబర్ ఇవ్వండి.