పిట్ట కొంచెం, కూత ఘనం: కెనన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్, రెండవ రూపం

కెనన్ సంస్థ 1990లో తెచ్చిన ఈ లెన్స్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారికి, లోపల గాజు ఉందా, లేక ఖాళీ డబ్బా అంటగట్టారా అన్న అనుమానం రాక మానదు. దీని బరువు 130 గ్రాములే. 1987 నాటి మొదటి రూపానికి లోహపు మౌంట్ (కెమెరాకు తగిలించే భాగం), దూరాన్ని చూపే కొలత గీతలు ఉండేవి. ధర తగ్గించడానికి ఆ రెండింటినీ తీసివేసి, మౌంట్‌తో సహా పైతొడుగంతా ప్లాస్టిక్‌తోనే చేశారు. లోపలి ఆరు గాజు కటకాల జోలికి మాత్రం వెళ్లలేదు. నాకు దీనిపై ఇంత అభిమానం కలగడానికి ఆ నిర్ణయమే కారణం: ఫోటో తీసేది గాజు కనుక దానిని కాపాడుకుని, చూపరులను మెప్పించే హంగులన్నింటినీ వదులుకున్నారు. ‘ప్లాస్టిక్ ఫెంటాస్టిక్’ అన్న ముద్దుపేరు దీనికి ఊరికే రాలేదు.

లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం ఎంత తెరుచుకుంటుందో ఎఫ్ అంకె చెబుతుంది; అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. కెమెరాతో పాటు వచ్చే సాధారణ 18-55 కిట్ లెన్స్ 50 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. ఇది 1.8 దాకా తెరుచుకుంటుంది కాబట్టి కెమెరాలో చిత్రాన్ని పట్టే సెన్సర్‌కు చేరే వెలుతురు సుమారు పదింతలవుతుంది. తెల్లవారుజాము ముహూర్తానికి, మసక వెలుతురు మండపంలో, వధూవరులు జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్న క్షణంలో ఫ్లాష్ వెలిగించి అందరి కళ్లూ చెదరగొట్టడం ఇష్టంలేని ఫోటోగ్రాఫర్‌కు ఈ తేడా ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే తీవ్రత) 3200 పెట్టవలసిన చోట 400తో పని జరిగిపోతుంది. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాలపై ఇది 80 ఎంఎం లెన్స్‌లా పనిచేస్తుంది, అంటే దృశ్యాన్ని మరింత దగ్గరగా చూపుతుంది కనుక మనుషుల ముఖాలు తీయడానికి చక్కగా నప్పుతుంది. అయితే ఇరుకు గదిలో బంధువులందరినీ ఒకే ఫ్రేములో పట్టాలంటే మాత్రం వెనక్కి జరిగి జరిగి గోడకు ఆనుకోవలసిందే.

పూర్తిగా తెరిచినప్పుడు చిత్రం కాస్త మెత్తగా వస్తుంది, ఒక కన్ను స్పష్టంగా ఉంటే రెండోది మసకబారుతుంది. రంధ్రాన్ని ఎఫ్ 2.8కి కుదిస్తే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. రంధ్రాన్ని మూసే రేకులు ఐదే కావడంతో, ఆ స్థితిలో వెనకనున్న దీపాలు గుండ్రంగా కాక పంచభుజాలుగా కనిపిస్తాయి. దీన్ని లోపమనేవారే ఎక్కువ. దీపావళి ప్రమిదల వరుస అలా ఐదు మూలల వెలుగుబిళ్లలుగా మారడం నాకు ఎంతో నచ్చుతుంది.

ఇక కూత సంగతి. ఫోకస్ మోటార్ పనిచేస్తున్నంతసేపూ గిర్రుమంటూనే ఉంటుంది, వీడియో తీస్తే ఆ సంగీతం కూడా రికార్డవుతుంది. పసిపిల్లలు మాత్రం ఆ చప్పుడు ఎక్కడిదా అని నేరుగా కెమెరాలోకే చూస్తారు; వాళ్ల చూపు తిప్పడానికి గిలక్కాయ ఆడించే పని తప్పుతుంది. చేతితో ఫోకస్ చేసే రింగు ముందు అంచున సన్నగా ఉంటుంది. మీట ఆటోఫోకస్‌లో ఉన్నప్పుడు దానిని బలవంతంగా తిప్పితే లోపలి పళ్లచక్రాలు దెబ్బతింటాయి.

కొత్తది కొనేవారు 2015లో వచ్చిన ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటార్) రూపాన్ని తీసుకోవడం మంచిది. దానికి లోహపు మౌంట్, ఏడు రేకులు, చప్పుడు తక్కువగా చేసే మోటార్ ఉన్నాయి. పాతదే చవకగా దొరికితే దానినీ వదులుకోనక్కరలేదు, కాని కొనేముందు నాలుగు సంగతులు చూడాలి. కింద పడిన లెన్స్ ముందు భాగం ఊడి రెండు ముక్కలయ్యే అవకాశం ఉంది కనుక అతుకు దగ్గర సందు ఉందేమో గమనించాలి. ప్లాస్టిక్ మౌంట్ అరిగి కెమెరాపై వదులుగా కదులుతోందేమో చూడాలి. దగ్గరికీ దూరానికీ ఫోకస్ తడబడకుండా వెళ్తోందో లేదో పరీక్షించాలి. సముద్రతీరపు ఊళ్ల తేమకు కటకాలపై బూజు పడుతుంది కాబట్టి ఫోన్ టార్చి వేసి లోపలికి చూడాలి. ఈ నాలుగూ సరిగా ఉంటే బేరాన్ని ఎక్కువసేపు సాగదీయకుండా తీసుకోండి.