జాగ్రత్త: 'సర్వీస్ రికార్డులో మెడల్ ఎక్కిస్తాం' అని వచ్చే ఏజెంట్ చేతిలో డిశ్చార్జ్ బుక్ పెట్టకండి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు మాజీ సైనికులున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి చేరాలని రాస్తున్నాను. మేం 22,000 రూపాయలు పోగొట్టుకున్నాం. పైసల సంగతి అటుంచితే, 75 దాటిన మా నాయన మనసు విరిగింది. అదే నాకు ఎక్కువ బాధ.

మాది మునుగోడు దగ్గర పల్లె. నాయన 1968లో ఆర్టిలరీలో డ్రైవర్‌గా చేరి, హవల్దార్‌గా రిటైరయ్యాడు. 1971 డిసెంబర్ యుద్ధంలో పంజాబ్ సరిహద్దు దగ్గర తోపులకు గుండ్లు మోసే బండి నడిపాడు. డిశ్చార్జ్ బుక్‌లో (ఫౌజు నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీస్ పుస్తకం) పశ్చిమీ స్టార్ (1971లో పశ్చిమ సరిహద్దున పనిచేసినవాళ్ల మెడల్) ఉంది, 1972లో ఇచ్చిన స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ ఉంది, తొమ్మిదేళ్ల సర్వీస్ మెడల్ ఉంది. 1971 యుద్ధ కాలంలో పనిచేసినవాళ్లకు ఇచ్చే సంగ్రామ్ మెడల్ మాత్రం ఎక్కలేదు. యుద్ధం అయిపోగానే వేరే రెజిమెంట్‌కు పోస్టింగ్ రావడంతో పాత యూనిట్‌లో పడాల్సిన ఎంట్రీ జారిపోయిందని నాయన అనుమానం. ఫౌజులో ఏదైనా పార్ట్ టు ఆర్డర్‌లో (యూనిట్ నుంచి రికార్డ్స్ ఆఫీసుకు వెళ్లే అధికారిక ఉత్తర్వు) పడితేనే రికార్డులోకి వస్తుంది. అందులో పడకపోతే నువ్వు యుద్ధంలో ఉన్నా కాగితం మీద లేనట్టే.

ఇన్నేళ్లూ ఆయన దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. పోయినేడు డిసెంబర్ 16న, విజయ్ దివస్ రోజు, ఊరి బడిలో పిల్లలు పిలిచి శాలువా కప్పారు. ఒక పిల్లవాడు మెడల్స్ లెక్కపెట్టి 'తాతా, ఇంకొకటి ఏది?' అన్నాడట. ఇంటికొచ్చాక 'బిడ్డా, అదొక్కటి ఎక్కిస్తే నాకింకేం ఒద్దు' అన్నాడు. నేను ఆత్రపడ్డది అక్కడే.

గడియారం సెంటర్ దగ్గర హోటల్లో ఛాయ్ తాగుతుంటే ఒకాయన పరిచయమయ్యాడు. మాజీ సైనికుల పనులు చేసిపెడతానని, రికార్డ్స్ ఆఫీసులో మనుషులున్నారని చెప్పాడు. పేరు రాయను, పోలీసులకు ఇచ్చాను. మరునాడే ఇంటికొచ్చి నాయనకు సెల్యూట్ కొట్టాడు. 'హవల్దార్ సాబ్, ఈ మెడల్ ఎక్కితే మీ పింఛన్ నెలకు మూడు వేలు పెరుగుతది, 1971 నుంచి బకాయిలు కూడా వస్తయి' అన్నాడు. 8,000 అడ్వాన్స్, పని అయ్యాక 14,000. ఆయన మాటల్లో మొదటి అబద్ధం ఇదే. సంగ్రామ్ మెడల్ లాంటి యుద్ధ మెడల్స్‌కు పైసా అలవెన్స్ లేదు. పరమ్ వీర్ చక్ర, మహావీర్ చక్ర, వీర్ చక్ర లాంటి శౌర్య పురస్కారాలకే నెలనెలా ఇస్తారు. ఈ ఒక్క విషయం నాకు ముందే తెలిసుంటే ఆయన్ని గడప దాటనిచ్చేవాణ్ణి కాదు.

తర్వాత డిశ్చార్జ్ బుక్ ఒరిజినల్, పీపీవో (పింఛన్ మంజూరు పత్రం), ఆధార్ అడిగాడు. నాయన వద్దన్నాడు. 'జిరాక్స్ చాలదా' అని రెండుసార్లు అడిగాడు కూడా. నేనే నచ్చజెప్పి ఇప్పించాను. వారం తర్వాత ఫోన్ చేసి 'స్పర్శ్‌లో అప్‌డేట్ చేస్తున్నా, ఓటీపీ చెప్పు' అన్నాడు. స్పర్శ్ అంటే ఫౌజు పింఛన్ల ఆన్‌లైన్ పోర్టల్. పింఛన్ పడే ఖాతా సంగతి కదా, అక్కడ మాత్రం మా చెల్లె అడ్డుపడింది. ఆమె ఆపకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. మెడల్స్‌కూ స్పర్శ్ ఓటీపీకీ ఏ సంబంధమూ లేదు.

రెండు నెలలకు ఒక కవరు, చిన్న డబ్బా తెచ్చాడు. కవర్లో లెటర్, డబ్బాలో మెడల్. నాయన కళ్లు చెమర్చాయి. అదే సంబరంలో నేను మిగతా 14,000 ఫోన్‌పే చేశాను.

ఆ రాత్రి నాయన నిద్రపోలేదు. ట్రంకు పెట్టె తీసి పాత మెడల్స్ బల్ల మీద వరసగా పెట్టాడు. రజతోత్సవ మెడల్ చేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలు గోరు పెట్టి మెల్లగా తిప్పాడు. ఆ సన్నటి అంచు చుట్టూ ఆయన ఆర్మీ నంబర్, ర్యాంకు, పేరు చెక్కి ఉన్నాయి. యాభై ఏళ్ల బ్రాసో పాలిష్ రుద్దుడుకు అక్షరాలు అరిగినా గోరుకు తగులుతున్నాయి. తర్వాత కొత్తది తీసి అట్లే తిప్పాడు. అంచు నున్నగా ఉంది. అద్దాలు పెట్టుకుని బల్బు కిందికి పోయి మళ్లీ చూశాడు. ఏమీ లేదు. 'ఇది దుకాణంలది బిడ్డా' అని డబ్బా మూసేశాడు. ఇంకో మాట అనలేదు.

పొద్దున్నే లెటర్ సరిగ్గా చదివాను. నాయన ర్యాంకు హవల్దార్‌కు బదులు నాయక్ అని ఉంది. ముద్ర సికింద్రాబాద్‌లోని రికార్డ్స్ ఆఫీసుది. ఆర్టిలరీ వాళ్ల రికార్డులు ఉండేది మహారాష్ట్రలో నాసిక్ రోడ్‌లో. సికింద్రాబాద్‌లో ఉన్నవి ఈఎంఈ (ఫౌజు బండ్లు, యంత్రాల మరమ్మతు విభాగం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధాలు, సామాను సరఫరా విభాగం) వాళ్లవి. మనకు దగ్గర కాబట్టి నమ్ముతామని ఆ ముద్ర కొట్టినట్టున్నాడు. మీ నాన్న ఏ కోర్‌లో పనిచేశాడో ఆ కోర్ రికార్డ్స్ ఎక్కడుందో ముందు తెలుసుకోండి. ఇలాంటి లెటర్ ఎవరైనా చేతిలో పెడితే మొదట చూడాల్సింది అదే.

డిశ్చార్జ్ బుక్ కోసం మూడుసార్లు తిరిగాను. మూడోసారి మా బావను, ఊరి సర్పంచ్‌ను తోలుకపోతే గానీ ఇవ్వలేదు. ఒక పేజీ మూల చిరిగింది. అయినా చేతికొచ్చింది, అది మా అదృష్టం. పైసలు మాత్రం రాలేదు.

ఇక అసలు దారి. ఇది నల్లగొండలోనే ఉంది, ఖర్చు జిరాక్స్‌లు, పోస్టు చార్జీలే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి నాయనను తీసుకుని వెళ్లాను. అక్కడి పెద్దాయన దరఖాస్తు ఎట్లా రాయాలో కూర్చోబెట్టి చెప్పాడు. ఆర్మీ నంబర్, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ రాయాలి. అన్నిటికంటే ముఖ్యం ఆ యుద్ధం నాటికి ఏ యూనిట్‌లో, ఏ ప్రాంతంలో ఉన్నాడో రాయడం. వాళ్లు రికార్డులో వెతకాల్సింది ఆ ముక్క పట్టుకునే. డిశ్చార్జ్ బుక్, పీపీవో జిరాక్స్‌ల మీద మనమే సంతకం పెట్టి జతచెయ్యాలి. ఒరిజినల్ ఎవరూ అడగలేదు. ఆ కార్యాలయం నుంచే నాసిక్ రోడ్‌కు పంపారు. మేం ఇంకో కాపీ రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నాం.

జవాబు ఆలస్యమైతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి 'నా సర్వీస్ రికార్డులో ఏయే మెడల్స్ నమోదయ్యాయో కాపీ ఇవ్వండి' అని అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నిజానికి ముందు ఇదే చేసి ఉండాల్సింది. ఒక్కోసారి రికార్డులో ఎంట్రీ ఉండి, డిశ్చార్జ్ బుక్‌లో రాయడమే మరిచిపోయి ఉంటారు. అట్లయితే పని సగం తగ్గినట్టే.

ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయినవాళ్లు ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. నేను సిగ్గుపడి తొమ్మిది రోజులు ఆగాను. అప్పటికి ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు.

ఆ మనిషి ఇప్పుడు దేవరకొండ, అచ్చంపేట వైపు తిరుగుతున్నాడని ఇద్దరు ముగ్గురు చెప్పారు. సెల్యూట్ కొడతాడు, 'సాబ్' అంటాడు, మూడు వేల పింఛన్ అంటాడు. ఇప్పటికే ఎవరైనా ఆయన చేతిలో ఒరిజినల్స్ పెట్టి ఉంటే పైసల సంగతి తర్వాత, ముందు పుస్తకం తెచ్చుకోండి.

పోయిన వారం నాసిక్ రోడ్ నుంచి ఉత్తరం వచ్చింది. ర్యాంకు సరిగ్గా హవల్దార్ అనే ఉంది. 1971 డిసెంబర్ నుంచి 1972 చివరిదాకా పనిచేసిన యూనిట్ల వివరాలు తేదీలతో రాసి పంపమన్నారు. నాయన రెండు రోజులుగా నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. తన బ్యాటరీలోని (తోపుల దళం) డ్రైవర్ల పేర్లన్నీ వరసగా రాస్తున్నాడు.