కుతుబ్‌షాహీ సమాధులా, పైగా వంశీయుల సమాధులా?

హైదరాబాద్‌లో ఒక్క పూటే ఉంటాం, పాత కట్టడాలు చూడాలి అనేవాళ్లను నేను ఈ రెండింటి మధ్యే తేల్చుకోమంటాను. చార్మినార్ ఎలాగూ చూస్తారు.

గోల్కొండ కోట దగ్గరున్న కుతుబ్‌షాహీ సమాధులు చూపుకి అందనంత పెద్దవి. 1591లో ఈ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా సమాధి ఇక్కడే. ఉల్లిగడ్డ ఆకారంలో గుమ్మటాలు, వాటి మొదట్లో విచ్చుకున్న తామర రేకులు. తోట చాలా పెద్దది, ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లాలి.

సంతోష్‌నగర్ వైపు గల్లీల్లో ఒదిగిన పైగా సమాధులు అలా కావు. నిజాముల కొలువులో పెద్ద హోదా అనుభవించిన పైగా వంశీయులవి. ఇక్కడ తలెత్తి చూడక్కర్లేదు, దగ్గరికెళ్లాలి. సున్నపు గచ్చుతో తీర్చిన పూలు, తీగలు. జాలీల్లో నక్షత్రాల అల్లికలు. ఆ కన్నాల్లోంచి ఎండ దిగి పాలరాతి మీద వెలుగు ముగ్గు పరుస్తుంది. పొద్దు జరిగేకొద్దీ ముగ్గూ జరుగుతుంది. దాని ముందే అరగంట కూర్చుండిపోయాను.

పిల్లలతో వస్తే తోటలో హాయిగా తిరగొచ్చు, కుతుబ్‌షాహీకే వెళ్లండి. చేతి పనితనం చూడాలనుంటే మాత్రం పైగా.